రెండో బ్రేకు

మూడు వారాల్లో ముప్ఫై ఒక్కసారి పడింది బైండరమ్మ. ఈ లెక్క ఆవిడ పెట్టుకున్నది కాదు. అత్తగారు వరండా గోడ మీద సుద్దముక్కతో గీతలు గీసి మరీ పెట్టింది. పడ్డ మనిషి లేచి మోకాలు దులుపుకునేలోపే గోడ మీద గీత పడిపోయేది.

లైబ్రరీలో చిరిగిన పుస్తకాలకి కుట్లు వేసి అట్టలు కట్టే ఉద్యోగం ఆవిడది. అందుకే కాలనీ మొత్తానికీ ఆవిడ బైండరమ్మ. వయసు నలభై ఏడు. ఆవిడ చేతిలో సూది పడితే ఎంతటి మొండి పుస్తకమైనా దారికి రావాల్సిందే. అలాంటి మనిషి చేసిన పొరపాటల్లా ఒకటే. సైకిలు నేర్చుకోవాలనుకోవడం కాదు, అది తప్పేం కాదు. ఆ మాట ఇంట్లో పైకి అనడం. ఎందుకంటే ఆ ఇంట్లో ఆవిడ తప్ప మిగతావాళ్ళంతా నేర్పేవాళ్ళే.

భర్త డ్రైవింగ్ స్కూలు నడుపుతాడు. ఊరందరికీ మాస్టారు. ఆయన కారులో నేర్చుకునేవాళ్ళ కాళ్ళ దగ్గర ఒక బ్రేకు, పక్క సీట్లో ఆయన కాలి దగ్గర రెండో బ్రేకు ఉంటాయి. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆ రెండో బ్రేకు మీద నుంచి ఆయన కాలు తీసింది లేదు. బస్సెక్కితే నేల తొక్కుతాడు. సినిమాలో కారు మలుపు తిరిగితే ముందు సీటువాణ్ణి తంతాడు. నిద్రలోనూ తొక్కుతాడు, దానికి బైండరమ్మ పిక్కలే సాక్ష్యం. ఇక అత్తగారు స్కూల్లో డ్రిల్లు టీచరుగా చేసి రిటైరైంది. ఉద్యోగం వదిలింది గానీ ఈల వదల్లేదు. మెడలో తాడుకి వేలాడుతూ ఇప్పటికీ ఉంటుంది.

అసలు ఇదంతా వసంతం తెచ్చిపెట్టిన తంటా. చలి తగ్గి, చెట్లు కొత్తాకులు వేసి, పొద్దున్నే కిటికీ తీస్తే బయటికి పోవాలనిపించే రోజులు రాగానే లైబ్రరీ ఆడవాళ్ళు నలుగురూ ఒక ఆదివారం కాలవ గట్టుకి షికారు వెళ్తారు. ముగ్గురు సైకిళ్ళ మీద, బైండరమ్మ బస్సులో. ఆరేళ్ళుగా ఇదే వరస. "ఎలాగూ బస్సులో వస్తున్నావు కదక్కా" అంటూ ముగ్గురూ తమ సంచులూ ఫ్లాస్కులూ ఆవిడకే తగిలిస్తారు. ఆవిడ అవన్నీ మోసుకుంటూ ముందే చేరి, దుప్పటి పరిచి, రొట్టెముక్కలు సర్ది కూర్చుంటుంది. కాసేపటికి వాళ్ళు ఎర్రబడ్డ మొహాలతో, రొప్పుతూ, నవ్వుతూ దిగుతారు. ఆ వంతెన మీద గాలికి ఎవరి టోపీ ఎగిరిందో, మలుపులో ఏ కుక్క వెంటపడిందో, ఎవరు ఎలా కేక పెట్టారో అరగంటసేపు చెప్పుకుంటారు. ఆవిడా నవ్వుతుంది. ఆ గాలీ తెలియదు, ఆ కుక్కనీ చూడలేదు. ఉత్తినే నవ్వుతుంది. ఆరేళ్ళు అలా నవ్వీ నవ్వీ ఆవిడకి విసుగెత్తింది.

ఈ ఏడు ఇంకో సంగతి కూడా ఉంది. షికారు మొదలుపెట్టిన కౌంటరమ్మాయికి బదిలీ అయింది. పుస్తకాలు ఇచ్చే కౌంటర్లో కూర్చునే పిల్ల, నెలాఖరుకి వేరే ఊరు వెళ్ళిపోతుంది. ఆ పిల్ల లేకపోతే మిగతా ఇద్దరూ ఆదివారంనాడు తెల్లారి మంచం దిగే బాపతు కాదు. అంటే ఇదే ఆఖరు షికారు. "ఈసారి నేనూ సైకిలు మీదే వస్తాను" అని బైండరమ్మ వాళ్ళకి మాటిచ్చేసింది. హాస్టల్లో ఉన్న కూతురి పాత సైకిలు వరండాలో ఎలాగూ ఉంది. మూడు వారాల టైముంది. చాలదా అనుకుంది.

చాలేదే, ఇంట్లో చెప్పకుండా ఉండుంటే.

మొదటి నాలుగు రోజులు మాస్టారు ఆవిణ్ణి సైకిలు ముట్టుకోనివ్వలేదు. అన్నాల బల్ల మీద చెంచాలూ గ్లాసులూ పేర్చి రోడ్లు గీశాడు. ఉప్పు డబ్బా బస్సు, మంచినీళ్ళ గ్లాసు లారీ, ఎండిన నిమ్మకాయ బైండరమ్మ. నిమ్మకాయని ఎన్నిసార్లు లారీ కిందికి తోశాడో లెక్కలేదు.

"ముందు రోడ్డు అర్థం కావాలోయ్. బండిదేముంది, అది దానంతటదే వస్తుంది" అన్నాడు.

"మేం వెళ్ళే దారిలో లారీలు తిరగవండీ. కాలవ గట్టు అది."

"తిరగవని నీకెవరు రాసిచ్చారు?"

అయిదో రోజున సైకిలు బయటికి తీశారు. తీసీ తీయగానే అత్తగారు రంగంలోకి దిగింది. "అమ్మాయీ, ముందు వార్మప్పు" అని ఈల వేసి, కోడలి చేత రోడ్డు మీద ఇరవై గుంజీలు తీయించింది. ఎదురింటివాళ్ళు టీ కప్పులు పట్టుకుని గేట్ల దగ్గర నిలబడ్డారు. బైండరమ్మకి తలకొట్టేసినట్టయింది. పెళ్ళయ్యాక ఇన్నేళ్ళలో ఈ ఇంట్లో పడ్డ అగచాట్లన్నీ ఒక ఎత్తు, కూతురి పాత ప్యాంటు వేసుకుని నడివీధిలో తీసిన ఆ గుంజీలు ఒక ఎత్తు.

ఆ సాయంత్రం మాస్టారు ఘనకార్యం చేశాడు. మెకానిక్ షెడ్డు నుంచి మోటారు సైకిళ్ళకి వేసే పొడుగాటి కేబులు తెచ్చాడు. సైకిలు హ్యాండిలుకున్న రెండు బ్రేకు పిడులూ ఊడబీకాడు. ముందు చక్రం బ్రేకు అసలు పీకే పారేశాడు. "అది నొక్కితే తలకిందులుగా పడతావు, ప్రమాదం" అన్నాడు. వెనక చక్రం బ్రేకుకి ఆ కేబులు బిగించి, దాని రెండో కొసకి ఒక పిడి పెట్టి, ఆ పిడి తన చేత్తో పట్టుకున్నాడు. ఇక చూసుకోండి. ఆవిడ తొక్కుతుంది, ఆయన రెండు గజాల కేబులు పట్టుకుని వెనక పరుగెత్తుతాడు. ఎక్కడ అపాయం అనిపిస్తే అక్కడ నొక్కుతాడు.

ఆయనకి అపాయం అనిపించని చోటు ఈ భూమ్మీద ఉంటే కదా.

రోడ్డు మీద గులకరాయి కనిపిస్తే నొక్కాడు. దూరంగా ఎవరో తలుపు తీస్తే నొక్కాడు. చెట్టు మీద నుంచి పచ్చటి పూలు రాలి రోడ్డంతా పరుచుకుని ఉంటే, జారుతుందని నొక్కాడు. ఒకసారి పిట్ట అరిచినా నొక్కాడు. ఆవిడ నాలుగు తొక్కులు తొక్కి, హమ్మయ్య కుదురుకుంది అనుకునేసరికి వెనక చక్రం పట్టేసేది. బండి నిలబడిపోయేది, ఆవిడ పక్కకి ఒరిగిపోయేది. గోడ మీద గీత పడేది. మాస్టారు కేబులు చుట్టుకుంటూ వచ్చి, నిమ్మకి నీరెత్తినట్టు ప్రశాంతంగా, "చూశావా, నేను వెయ్యబట్టి సరిపోయింది" అనేవాడు.

"మోకాళ్ళు ఇంకా పైకి రావాలి అమ్మాయీ" అనేది అత్తగారు వరండాలోంచి.

బైండరమ్మ పళ్ళు నూరుకునేది. ఏమన్నా అంటే ఇద్దరి మొహాలూ చిన్నబోతాయి. మంచికే చేస్తున్నారు మరి. ఈ మంచికే చేసేవాళ్ళతో వచ్చిన చిక్కే ఇది, తిట్టడానికి సందివ్వరు. పోనీ తనకే చేతకావడం లేదేమోనని కూడా ఆవిడ కొన్ని రోజులు కుమిలింది. చిన్నప్పుడు అన్నయ్య సైకిలు తొక్కుతుంటే వెనక పరుగెత్తడమే గానీ ఎక్కనిచ్చింది ఎవరు? ఇక ఈ వయసులో ఏం వస్తుందిలే అనుకుంది. అనుకున్నప్పుడల్లా ఏడుపొచ్చేది.

శుక్రవారం మధ్యాహ్నం రిపేరు గదిలో ఆవిడ ఒక లావుపాటి నిఘంటువు వీపుకి జిగురు రాస్తుంటే కౌంటరమ్మాయి వచ్చి స్టూలు లాక్కుని కూర్చుంది. ఆవిడ మోచేతికున్న పట్టీ కేసి చూసింది.

"ఎల్లుండేనక్కా. ఎంతవరకు వచ్చింది?"

బైండరమ్మ కుంచె పక్కన పెట్టి మొత్తం చెప్పింది. నిమ్మకాయ, గుంజీలు, కేబులు, ముప్ఫై ఒక్క గీతలు, అన్నీ. నవ్వుతుందేమో అనుకుంది. ఆ పిల్ల మొదట నవ్వింది గానీ తర్వాత ఆగింది.

"అక్కా, ఎప్పుడన్నా బావగారు బ్రేకు వెయ్యకుండా నువ్వు పడ్డావా?"

 బైండరమ్మ ఒక్కొక్క పతనాన్నీ తలుచుకుంది. రాయి దగ్గర, తలుపు దగ్గర, పూల దగ్గర, పిట్ట దగ్గర.

"లేదు" అంది.

"అయితే నువ్వు పడట్లేదక్కా. బావగారు పడేస్తున్నారు."

అరికాలి మంట నెత్తికెక్కడం అంటే ఏమిటో ఆవిడకి అప్పుడు తెలిసింది. జిగురు ఆరిపోయిన నిఘంటువుకి మళ్ళీ మొదటినుంచీ రాసుకోవాల్సి వచ్చింది.

సాయంత్రం ఇంటికెళ్ళగానే మాస్టారితో నెమ్మదిగానే మొదలుపెట్టింది. "రేపు పొద్దున ఒక్కసారి ఆ కేబులు వదిలెయ్యండి. నేను తొక్కి చూస్తాను."

"అప్పుడేనా?" అన్నాడాయన. "ఇంకా నీకు ఆ స్టేజి రాలేదోయ్."

"ఎల్లుండే కదండీ వెళ్ళేది."

"అదే నేనూ ఆలోచిస్తున్నా. ఈసారికి బస్సులో వెళ్ళు. వచ్చే ఏడాది చూద్దాం. తొందరేముంది?"

వచ్చే ఏడాది ఎవరున్నారు, ఎక్కడికి వెళ్తారు? ఆ మాట ఆయనకి అప్పటికి మూడుసార్లు చెప్పింది. గోడకి చెప్పినా వినేది.  ఆవిడ అన్నం సరిగ్గా తినలేదు. తను ఎంత పనిమంతురాలైనా ఈ ఇంట్లో తను ఆ బల్ల మీది నిమ్మకాయే అనిపించి ఉక్రోషం ముంచుకొచ్చింది.

శనివారం ఆయన స్నానాల గదిలో ఉండగా ఆవిడ వరండాలోకి వెళ్ళింది. పట్కారు తీసుకుని, వెనక చక్రం దగ్గర కేబులు బిగించిన నట్టు విప్పేసింది. కేబులు కొసని ఊరికే క్యారియరు కమ్మీకి ఒంటిపోగు దారంతో కట్టింది. పుస్తకాలు కుట్టే దారమే, కానీ ముట్టుకుంటే తెగే పాతది. పైకి చూస్తే అంతా ఎప్పట్లాగే ఉంది. ఇరవై రెండేళ్ళ ఉద్యోగంలో తెగిపోవాలని కట్టిన కట్టు అదొక్కటే.

ఆయన వచ్చి పిడి చేతిలోకి తీసుకున్నాడు. అత్తగారు ఈల వేసింది. ఆవిడ తొక్కింది. నాలుగు తొక్కులయ్యాక ఏం కనిపించిందో ఏమో, ఆయన నొక్కాడు. దారం పుటుక్కున తెగింది. బండి ఆగలేదు.

అయిదు, ఆరు, పది. బండి నిటారుగా పోతోంది. వెనక ఆయన బూట్ల చప్పుడు దూరమైపోతోంది. గాలి చెవుల్లోకి దూరి గుయ్యిమంటోంది. కాలనీ చుట్టూ గుండ్రంగా తిరిగే రోడ్డది. మొదటి మలుపు కూడా తిప్పేసింది, ఎలా తిప్పిందో ఆవిడకే తెలియదు. ఆవిడకి పట్టరాని సంతోషం వేసింది. వచ్చేసింది, నాకు సైకిలు వచ్చేసింది అనుకుంది. మూడో మలుపు తిరిగి తమ ఇల్లు కనిపిస్తుండగా, ఇక ఆపి దిగి ఆ మనిషి మొహం చూడాలని వేళ్ళు ముందుకు చాచింది.

హ్యాండిలుకి ఏమీ లేదు.

 ముందు బ్రేకు పీకేశారు. వెనక బ్రేకు ఇందాక తనే విప్పేసింది. మూడు వారాలుగా ఆపే పని ఆయనదే కాబట్టి, ఆపడం అనేది ఒకటుందని ఆయనకీ గుర్తురాలేదు, ఆవిడకీ గుర్తురాలేదు. చెంచాలతో రోడ్లన్నీ గీసిన మనిషి, గుంజీలు తీయించిన మనిషి, ఇద్దరూ ఆ ముక్క నేర్పలేదు.

"అత్తయ్యా, ఆపడం ఎలా?" ఇంటి ముందు నుంచి పోతూ అడిగింది.

అత్తగారు పొడుగ్గా ఈల వేసింది. స్కూల్లో ఆ ఈలకి ఆరువందల మంది పిల్లలు ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయేవాళ్ళట. సైకిలు ఆగలేదు.

మాస్టారు అడ్డదారిన పరుగెత్తుకొచ్చాడు. చేతిలో ఆ కేబులు ఇంకా ఉంది, నేల మీద ఈడ్చుకుపోతోంది. ఆవిడ దగ్గరికొచ్చేసరికి అలవాటు కొద్దీ కుడికాలితో రోడ్డుని గట్టిగా తొక్కాడు. ఆవిడ ఆయన్ని దాటుకుని వెళ్ళిపోయింది. "హ్యాండిలు వదలకు" అని వెనక నుంచి వినిపించింది. వదిలితే ఎక్కడికి పోతుందని ఆయన ఉద్దేశమో.

రెండో చుట్టు తిరిగింది. భయం ఉంది, కోపం ఉంది, వాటి మధ్య నుంచి నవ్వూ తన్నుకొస్తోంది. ఎదురింటివాళ్ళు టీ కప్పులు ఎత్తి పలకరించారు. రాలిన పూల మీద నుంచి కూడా పోయింది, జారలేదు. ఎంతసేపని తిరుగుతుంది? కాలనీ వెనక నీళ్ళ ట్యాంకు వైపు రోడ్డు ఎత్తుగా ఎక్కుతుంది. రెండో మలుపులో ఆవిడ హ్యాండిలు అటు తిప్పేసింది. తొక్కడం మానేసింది. బండి కాస్త కాస్తగా నెమ్మదించింది. పూర్తిగా ఆగబోయే ముందు ఎడమకాలు కింద పెట్టింది. పడలేదు.

మాస్టారు రొప్పుతూ వచ్చాడు. మొహం తెల్లగా పాలిపోయింది. ఆవిణ్ణి తల నుంచి కాళ్ళ దాకా చూశాడు.

"దెబ్బ తగల్లేదుగా?"

"తగల్లేదు. ఇన్నాళ్ళూ ఎందుకు తగిలిందో తెలిసింది."

ఆయన కేబులు కేసి చూసుకున్నాడు. కొసన దారప్పోగు ఇంకా వేలాడుతోంది. విషయం అర్థమైనట్టుంది.

"మీ కారు ఎక్కేవాళ్ళకి మొదటిరోజు ఏం నేర్పుతారండీ?" అడిగింది.

"బ్రేకు."

"అందరికీనా?"

"అందరికీ. అది రాకుండా బండి స్టార్టు కూడా చెయ్యనివ్వను."

"మరి నాకెందుకు నేర్పలేదు?"

ఆయన రోడ్డు పక్క గట్టు మీద కూలబడ్డాడు.  

"వాళ్ళకి బ్రేకు వచ్చిందంటే నాతో పనైపోతుంది. లైసెన్సు రాగానే వెళ్ళిపోతారు. మళ్ళీ రోడ్డు మీద కనిపించినా చెయ్యి ఊపరు. వాళ్ళు వెళ్ళిపోవాల్సినవాళ్ళే, సరే." కేబులు వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ అన్నాడు. "నీకూ నాతో పనైపోతే ఎలాగా అనిపించింది. అనిపించిందని కూడా ఇప్పుడే తెలిసింది."

బైండరమ్మకి ఆయన్ని ఉతికి ఆరెయ్యాలని ఉంది. జాలీ వేస్తోంది. జాలి వేసినందుకు తన మీద తనకే ఇంకా కోపం వచ్చింది.

"కాలవ దాకా వెళ్ళి మధ్యాహ్నానికి వచ్చేస్తానండీ" అంది. "కాపురం వదిలి పోతున్నానా?"

"పోవులే."

"సాయంత్రానికల్లా రెండు బ్రేకులూ హ్యాండిలుకి ఉండాలి. నా వేళ్ళకి అందాలి."

సాయంత్రానికి అవలేదు. ఈ ఇంట్లో ఏ పని ఒక్కసారికి అయింది కనక? ఊడదీసిన పిడులు ఆయన ఎక్కడో జాగ్రత్తగా దాచాడు, ఎక్కడ దాచాడో మరిచిపోయాడు. అత్తగారూ ఆయనా బీరువాలన్నీ తిరగేసి, చివరికి ఆయన మేజోళ్ళ సొరుగులో పట్టుకున్నారు. బిగించి, చక్రం గాల్లో తిప్పి, బ్రేకు పడుతోందని చూసేసరికి చీకటి పడింది. బండి తొక్కి చూడటానికి వేళ మించిపోయింది. వేళ్ళు ఎక్కడ పెట్టాలో, రెండూ కలిపి నెమ్మదిగా ఎలా నొక్కాలో మాత్రం ఆయన చూపించాడు. నాలుగు మాటల్లో చెప్పేసి లేచాడు. ఎంత బాగా నేర్పుతాడో ఆవిడకి ఇన్నేళ్ళకి తెలిసింది.

ఆదివారం ఆరింటికి ముగ్గురూ గేటు ముందు గంటలు మోగించారు. సంచులు తలా ఒకటి తగిలించుకున్నారు. బైండరమ్మ బండి రోడ్డు మీదికి దించింది. అత్తగారు గుంజీల మాట ఎత్తబోయి, కోడలి మొహం చూసి మానుకుంది. మాస్టారు గేటు పట్టుకుని నిలబడ్డాడు. రోడ్డు గురించి గానీ లారీల గురించి గానీ ఒక్క ముక్క మాట్లాడలేదు.

కౌంటరమ్మాయి ముందు, మిగతా ఇద్దరూ ఆ వెనక, అందరికన్నా వెనక బైండరమ్మ. కాస్త వణుకుతూ మొదలై, తర్వాత బండి కుదురుకుంది. మొదటి మలుపు దగ్గరికి వచ్చారు. రోడ్డు మీద మనిషి లేడు, బండి లేదు, రాయి కూడా లేదు. ఆవిడ రెండు చేతుల వేళ్ళూ చాచి నొక్కింది.

బండి సుతారంగా ఆగింది. ఆవిడ కాలు నేల మీద ఆనించి నిలబడింది.

కౌంటరమ్మాయి ముందుకుపోయి వెనక్కి తిరిగింది. "ఏమైందక్కా?"

"ఏం కాలేదు. ఆపాను."

"ఎందుకు?"

ఊరికే అని చెప్పింది బైండరమ్మ.  ఆగింది కాబట్టి వెనక్కి తిరిగి చూడటానికి వీలైంది. ఆవిడ ఆగడం చూసి మాస్టారు గేటు వదిలి పరుగందుకున్నాడు. పది అడుగులు వచ్చాక, ఆవిడ పడలేదనీ, కావాలనే ఆగిందనీ అర్థమైనట్టుంది. రోడ్డు మధ్యలో తనూ ఆగిపోయాడు.

ఆవిడ ఆయనకి చెయ్యి ఊపి, మళ్ళీ తొక్కడం మొదలుపెట్టింది.